డెబ్బై

ఊళ్ళో మగపిల్లల తలలన్నీ నాకు తెలుసు.
సకాత రేవు వెనక వీధిలో
రెండు కుర్చీల సెలూన్ నాది.
ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం
ఒనొదెరా మాస్టారి బేస్‌బాల్ జట్టు మొత్తం
వరసగా వచ్చి కూర్చుంటుంది, గుండు కోసం.
మూడు మిల్లీమీటర్లు. అది ఆయన లెక్క.

క్లిప్పర్ గుయ్యిమంటుంటే
జుట్టు కింద దాక్కున్నవన్నీ బయటపడతాయి:
చంటితనంలో పడ్డ గాటు, రెండో సుడి,
ఇంట్లో చెప్పని బొప్పి.

పోయిన వేసవిలో షుంపేయి, పదకొండేళ్ళవాడు,
దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి
ముక్కు గోక్కోబోయి మధ్యలో ఆపేశాడు.
మోచెయ్యి ముడుచుకోలేదు.
ఎడమచేత్తో గోక్కున్నాడు.
నేను చూశానని అద్దంలో చూశాడు.
"ఎవరికీ చెప్పకండి."
ఈ కుర్చీలో మాట ఈ కుర్చీలోనే ఉంటుంది.
చెప్పలేదు.
అప్పట్నించీ నా గొంతులో ఒక వెంట్రుక.

ఈ ఏడు మా ఇబుకికి తొమ్మిది నిండాయి.
గల్లాపెట్టె మీద రెండు కాగితాలు.

ఒకటి మాస్టారిది. నలభై ఏళ్ళ జట్టు.
శని, ఆదివారాలు పొద్దు పొడిచింది మొదలు
పొద్దు గుంకేదాకా.
నెలకు రెండు వేల యెన్‌లు.
తల్లులు వంతులవారీగా టీ కాచాలి,
మైదానం పక్కన నిలబడాలి.
(కూర్చోవచ్చని ఎక్కడా రాయలేదు.)

రెండోది నది అవతల. బడి నర్సు మిజుహో నడుపుతుంది.
పన్నెండు కొట్టేసరికి పిల్లలు ఇంటికి.
జుట్టు ఎవరిష్టం వాళ్ళది. అరుపుల్లేవు.
రుసుము నాలుగింతలు. బస్సు లేదు.
వెళ్ళి చూశాను. పిల్లలు నవ్వుతున్నారు.
బంతి జారవిడిచినవాడు కూడా నవ్వుతున్నాడు.
నాకెందుకో అదీ పూర్తిగా నచ్చలేదు.
నన్ను పెంచిన తీరులో లోపమేమో.

రాత్రి లెక్క వేశాను:
ఆ రుసుముకి ఇంకో మూడు తలలు. అంతే.
డబ్బు సాకు కాదని తేలిపోయాక
నిద్ర పట్టలేదు.

పొద్దున్నే వాడే కుర్చీ ఎక్కి కూర్చున్నాడు.
పాదాలు ఇంకా మెట్టుకి అందవు.
"మూడు మిల్లీమీటర్లు."
"నది అవతల అయితే..."
"అక్కడ నాకెవరు తెలుసు?
షుంపేయి అన్న నాకు వంపు బంతి నేర్పుతానన్నాడు."

క్లిప్పర్ ఆపాను. మళ్ళీ నొక్కాను.
కడుపులో ఉన్నప్పుడు
నా పక్కటెముకని ఆనుకుని నిద్రపోయిన తల.
ఆ కాస్త జుట్టు ఊడవడానికి
ఆ రోజు చాలాసేపు పట్టింది.

రేవులో పడవెక్కేవాళ్ళని లెక్కపెట్టే మీట ఒకటుంటుంది,
బొటనవేలితో నొక్కితే టిక్కుమంటుంది.
టికెట్లు చింపే హిసాయోని అడిగి
పాతదొకటి తెచ్చుకున్నాను.
ఎందుకని ఆమె అడగలేదు.

ఈ ఆదివారం టీ వంతు నాది.
ఫ్లాస్కు పక్కన నిలబడ్డాను, ఏప్రన్ జేబులో చెయ్యి.
మావాడు దూరంగా గడ్డిలో బంతులు ఏరుతున్నాడు.
షుంపేయి విసురుతున్నాడు. టిక్. టిక్.
మిగతా తల్లులు సముద్రపు గాలిని తిట్టుకుంటున్నారు.
నలభై. విసిరిన ప్రతిసారీ
వాడి ఎడమ భుజం కొంచెం కొంచెం కిందికి.
అరవై ఎనిమిది. తొమ్మిది.

డెబ్బై అవగానే కప్పులో టీ పోసి
తెల్లగీత దాటి లోపలికి నడిచాను.
"మాస్టారూ, చల్లారిపోతోంది."

ఆట ఆగింది.
నలభై ఏళ్ళలో ఏ తల్లీ ఆ గీత దాటలేదట,
తరవాత ఎవరో చెప్పారు.
ఆయన కప్పు అందుకోలేదు.
నా మొహం చూశాడు, జేబు చూశాడు.
ఆయన తలా నేనే గొరుగుతాను, నెలకోసారి.
మెడ వెనక కత్తి ఆనించినప్పుడు
కళ్ళు మూసుకుంటాడు.

షుంపేయి ఎడమచేత్తో
కుడి మోచెయ్యి పట్టుకున్నాడు,
అందరి ముందూ.

వచ్చే ఆదివారం నా వంతు కాదు.
వెళ్తాను.